రైలు తోక దగ్గర

కోటబొమ్మాళి స్టేషనులో ఇంజను ఆగే చోటు వదిలేసి, రైలు తోక వచ్చి ఆగే చోట నిలబడింది తవిటమ్మ.

అక్కడుంటే ఎవరికీ ఎదురు రానట్టేనని ఆమె లెక్క.

మొగుడు పోయిన ఈ ఏడాదిలో ఇలాంటి లెక్కలు చాలా నేర్చుకుంది. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే తలుపు చాటుకి తప్పుకోవడం. నూతి దగ్గర పెళ్లివారు కనిపిస్తే చుట్టుతోవన ఇల్లు చేరడం.

ఈ రోజు బయల్దేరేది కూతురు అసిరి.

ఊరి బడి పిల్లల్ని ఎలీసమ్మ పంతులమ్మ విశాఖపట్నం తీసుకెళ్తోంది. మూడు రోజులు అక్కడి మిషను బడిలో బస. సముద్రం, ఓడలు చూపిస్తుందట.

నిన్న సాయంత్రం పెద్దరైతు ఇంటి కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చి మరీ చెప్పింది.

"ఒసే తవిటీ, నా మనవడు కూడా ఎల్తన్నాడు. తల్లి లేని గుంటడు. నువ్వు ఎదురు రాకే."

"రాను అత్తా."

అసిరికి మాత్రం తవిటమ్మ రహస్యంగా చెప్పింది. "రైలెక్కినాక ఎనక్కి సూడు. నానక్కడే ఉంటాను."

రైలు వచ్చింది.

ముందు పెట్టెలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. తలుపుల దగ్గరే జనం వేలాడుతున్నారు.

"ఎనకాల పెట్టి కాళీ! రండర్రా, రండి!" పంతులమ్మ కేకేసింది.

పిల్లలంతా తోకవైపు పరుగెత్తారు. తిన్నగా తవిటమ్మకి ఎదురుగా.

ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని కంచెవైపు తిరిగిపోయింది.

ఆ స్టేషనులో ప్లాట్‌ఫారం నేలమట్టమే. పెట్టె మెట్టు పిల్లల గుండెల ఎత్తున ఉంది. పంతులమ్మ ముందు తానెక్కి చేతులు చాచింది.

"తవిటమ్మా, అటేటి సూస్తావు? రైలెల్లిపోతాది. అందియ్యి!"

గార్డు ఈల నోట పెట్టుకున్నాడు.

తవిటమ్మ ఇటు తిరిగింది. చేతికందిన పిల్లని అందినట్టే చంకల కింద పట్టి ఎత్తింది. ఎవరి పిల్లో చూడలేదు.

కూర్మమ్మ ఆయాసపడుతూ వచ్చేసరికి, మనవడు చినబాబు తవిటమ్మ చేతుల్లో గాల్లో ఉన్నాడు.

ఆఖరున అసిరి.

"ఎనక్కి సూడక్కర్లేదు గదే అమ్మా," అంది పిల్ల నవ్వుతూ. "నువ్వు ముందే ఉన్నావు."

రైలు కదిలింది.

ఆ మూడు రోజులూ కూర్మమ్మ చేలో వరికోతలు.

"బయల్దేరినప్పుడే ఎదురైపోనావు," అంది కూర్మమ్మ గట్టు మీంచి. "ఆడికేటైనా అయితే నీదే పూసీ."

తవిటమ్మ వంగి కోస్తూనే ఉంది. రైలు కూత వినపడినప్పుడల్లా కొడవలితోనే లేచి నిలబడేది.

సముద్రం ఆమె ఎప్పుడూ చూడలేదు. పిల్లలు నీళ్లలో దిగుతారేమోనని అన్నం ముందు కూర్చుని లేచిపోయేది.

అమ్మవారికి మొక్కుకునేటప్పుడు చినబాబు పేరే ముందు చెప్పింది. అసిరి పేరు తర్వాత.

పిల్లలు తిరిగొచ్చే పూట ఊరంతా స్టేషనులోనే ఉంది. అటునుంచి వచ్చే రైలుకి తోక ఇంకో కొసన. తవిటమ్మ అక్కడిదాకా నడిచిపోయి నిలబడింది.

రైలాగింది. పిల్లలు నడిమి పెట్టెలో ఉన్నారు. మొహాలనిండా బొగ్గు నుసి, గుప్పిళ్లనిండా గవ్వలు. కిటికీలోంచి అసిరి చెయ్యూపుతోంది.

కూర్మమ్మ రెండు చేతులూ చాచింది. "దిగు నాయినా, దిగు."

చినబాబు మెట్టు మీద కడ్డీ పట్టుకుని ఆగిపోయాడు. వణుకుతున్న ఆ చేతుల్ని చూశాడు.

"నువ్వు పడేస్తావు. అసిరోలమ్మేది? ఆవిడైతే గట్టిగా పట్టుకుంటాది."

వెనకాల పిల్లలు తోసుకుంటున్నారు.

కూర్మమ్మ మనవణ్ని పైనుంచి కింది దాకా చూసుకుంది. తర్వాత రైలు తోకవైపు చూసింది.

"ఒసే తవిటీ! అక్కడేటి సేస్తన్నావే? రా!"

తవిటమ్మ కదల్లేదు.

"నిన్నేనే! పిల్లల్ని దించాల గదా."

మొహం మీది కొంగు వెనక్కి తోసుకుని, తవిటమ్మ వాళ్లకి ఎదురుగా నడిచింది.