గంజి అయిపోయాక

తేజ లేచి నిలబడగానే కోటయ్య కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. ఈ కుర్రాడి మీద ఆయనకి అనుమానం.

రొంపిచెర్ల బాప్టిస్టు చర్చిలో ఆ ఆదివారం సంఘ కూటం. బాప్తిస్మం అడిగినవాడు అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. సభ్యులు చేతులెత్తి ఒప్పుకోవాలి. ఆ తర్వాతే మునగడానికి కాలవలోకి దిగడం.

తేజ సాక్ష్యం ముగించేసరికే సగం చేతులు లేచాయి. సంఘపెద్ద కోటయ్య ఆపాడు.

"ఆగండి. బాప్తిస్మం లేదని ఇన్నేళ్ళూ ప్రభు బల్ల రొట్టె ముట్టకుండా పళ్ళెం పక్కనోళ్ళకి అందించినోడికి ఇప్పుడేంది తొందర?"

ఆయన అనుమానం పేరు దీపిక. చర్చిలో పాటలు పాడే పిల్ల. బాప్తిస్మం లేనోడికి పిల్లనివ్వనని వాళ్ళ నాన్న ఊరంతా చాటాడు. అప్పట్నించీ తేజ అద్దం ముందునుంచి కదలడం లేదు.

"పోనీలే అన్నయ్యా! ఇదేమన్నా పోలీస్ స్టేషనా?" అంది అంజమ్మ వెనకనుంచి.

కోటయ్య వదిలే రకం కాదు. అనుమానం ఆయనకి ముత్తాత ఇచ్చిపోయిన ఆస్తి. నూటయాభై ఏళ్ళ కిందట ధాత కరువులో మిషన్ దొర జనానికి గంజి పోయించాడు, బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. గంజి కోసం దేవుణ్ణి ఒప్పుకుంటారేమోనని ఆయన భయం. గంజి అయిపోయాక కూడా వచ్చినవాళ్ళకే బాప్తిస్మం ఇచ్చాడు. వాళ్ళలో కోటయ్య ముత్తాత ఒకడు. ఈ కథ వినీ వినీ చర్చి గోడలకి కూడా కంఠతా వచ్చేసింది.

"నిజం చెప్పు. దీపిక కోసమేగా?"

"దీపికకి నిన్న మాచర్ల సంబంధం ఖాయమైంది."

ఆడవాళ్ళ వైపు దీపిక తల దించుకుంది. వాళ్ళ నాన్న అవునన్నట్టు దగ్గాడు.

"గంజి అయిపోయింది. నేనింకా ఇక్కడే ఉన్నా" అన్నాడు తేజ.

అయినా కోటయ్యకి ఇంకో ముల్లు మిగిలే ఉంది.

"అయితే మీ నాన్న కోసమా? ఆయన పరువు కోసమా?"

తేజ సూటిగా చూశాడు.

"మా నాన్న ఒక్కమాట అడిగుంటే ఎప్పుడో తీసుకునేవాణ్ణి, ఆయన కోసం. ఒక్కనాడూ అడగలా. నాకై నేను రావాలని నోరు బిగబట్టుకుని కూర్చున్నాడు."

కోటయ్య ఎంత ఆపుకున్నా కళ్ళజోడు మసకబారింది. చేతులన్నీ లేచాయి. అన్నిటికన్నా చివర లేచింది ఆయనదే.

కూటం అయ్యాక తేజ బండి స్టార్ట్ చేసి, చర్చి మెట్ల మీదే నిలబడిపోయిన కోటయ్య వైపు తిరిగి, "ఎక్కు నాన్నా, ఇంటికి పోదాం" అన్నాడు.