రెండు పండగలూ ఒకేరోజు

మందుల షాపు షట్టర్‌ను దర్జీ అరచేత్తో దబదబా బాదింది.

లోపల ఎవరూ లేరు. పండగ సెలవు.

ఆమె భుజమ్మీద కూతురు. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

"అమ్మా... రావట్లేదు," అంది పాప. ఏది రావట్లేదో చెప్పడానికి ఊపిరి చాల్లేదు.

"వెళ్లిపోదాం బంగారం, ఇదిగో," అంది దర్జీ. ఎక్కడికో ఆమెకే తెలీదు.

పెద్దాసుపత్రి దారి నిండా ఊరేగింపు. అంబులెన్సు వంతెన అవతలే ఇరుక్కుపోయింది. పోనీ వేరే భాషవాళ్లుండే ఆవలిపేటకి పోదామంటే, ఈ ఏడు వాళ్ల పండగా ఈరోజే పడింది. వాళ్లది చంద్రుణ్ణి చూసి లెక్క, ఈవలివాళ్లది సూర్యుణ్ణి చూసి. ఎన్నేళ్లకోగానీ కలవవు. కలిసిన రోజున ఊరంతా తాళాలే.

ఒక పాత వ్యాను పక్కన ఆగింది.

డ్రైవరు ఆవలిపేట మనిషి. మాసిన గడ్డం, మాసిన చొక్కా. ఈవలి భాష అతనికి ముక్కలు ముక్కలుగానే వచ్చు.

"ఎక్కు. పాప. తొందర."

ఎక్కింది. "పెద్దాసుపత్రికి పోనీ అన్నా!"

అతను తల అడ్డంగా ఊపి బండిని పక్క సందులోకి తిప్పాడు.

"ఇటు కాదన్నా! ఇటెక్కడికి?"

అతను ఇంకా వేగం పెంచాడు. సందు ఇరుకైంది. అటూ ఇటూ మూసేసిన గోదాములు. నరపురుగు కూడా కనబడలేదు.

అతను ఫోన్ తీసి తన భాషలో ఏదో అరిచాడు. అవతల పెట్టేసినట్టున్నారు. మళ్లీ చేశాడు. ఈసారి గొంతు తగ్గించి, అద్దంలో తల్లీకూతుళ్లను చూస్తూ మాట్లాడాడు.

దర్జీ పాపను గుండెకి అదుముకుంది.

ఎవర్ని రమ్మంటున్నాడు? ఒంటరి ఆడది, ఒళ్లో అరవలేని పిల్ల. కేకేసినా వినేవాళ్లేరీ?

"ఆపు! దిగిపోతాం!"

తలుపు లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. రాలేదు.

పాప తల వాలిపోయింది.

బండి ఒక పెద్ద గేటు ముందు ఆగింది. గేటుకి లోపల్నించి తాళం. అతను దిగి, బయటినుంచి తలుపు తీసి, పాప కోసం చేతులు చాచాడు.

ఆమె ఒక చేతిని కసిగా కొరికింది. నోరంతా ఉప్పగా రక్తం.

అతను కేక కూడా వెయ్యలేదు. రెండో చేత్తో పాపను లాక్కుని గేటువైపు పరుగెత్తాడు.

"నా బిడ్డ! నా బిడ్డని ఎత్తుకుపోతున్నాడు!"

గేటు తెరుచుకుంది. కొత్తబట్టల్లో ఒకాయన, ఎంగిలిచెయ్యి కూడా కడుక్కోలేదు, మెళ్లో స్టెతస్కోపు. మగవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పాప చేతులు మారింది. కొత్తబట్టలాయన లోపలికి పరుగెత్తాడు. దర్జీ వెనకాలే.

అది డాక్టరు ఇల్లు. ముందుగదే క్లినిక్కు.

పాప మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఇంజెక్షన్ ఇచ్చారు. దర్జీ మంచం కోడు పట్టుకుని కూలబడింది. కాసేపటికి పిల్లికూతలు సన్నగిల్లాయి. పెదాలకి రంగొచ్చింది.

"అమ్మా, ఆకలి."

దర్జీ భోరుమంది.

"పండగపూట తలుపు తీశారు. మీ కడుపు చల్లగా డాక్టరుగారూ!"

"తియ్యకపోదునమ్మా," అన్నాడు డాక్టరు ఆమె భాషలోనే. "ఆ గొంతు వినగానే ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేశాడు. నా మీద కోపం పిల్ల మీద చూపించకురా, నీ కాళ్లు పట్టుకుంటానన్నాడు."

ఆమె ఒక్క ఉదుటున బయటికి పరుగెత్తింది. గేటు ముందు వ్యాను లేదు. సందు చివరిదాకా వెళ్లి చూసింది.

ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"దొంగనుకున్నానండీ. చెయ్యి కొరికేశాను. కట్టు కూడా కట్టించుకోలేదు. ఎక్కడుంటాడతను?"

"నాకూ తెలీదమ్మా."

"పోనీ, ఎవరో చెప్పండి."

డాక్టరు గేటు దాకా వచ్చాడు. ఎంగిలిచెయ్యి ఎప్పుడో ఎండిపోయింది. సందువైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"మా అమ్మ పోయిననాడు, చచ్చినా నీ గుమ్మం తొక్కనని నా మీద ఒట్టేసిన మా అన్నయ్య."