సందు లేని క్యాబిన్

“బండి నడుస్తుంటే ఫోన్ల నేను మాట్లాడేది అవతలోళ్ళకు ఒక్క ముక్క ఇనపడ్తలేదు. క్యాబిన్ల సప్పుడు రాకుంట జర ఏమన్న చెయ్యి” అంది వినోద.

భానుచందర్ మనసు ‘అవతలోళ్ళు’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఎవరా అవతలోళ్ళు? మొగుడైన తనతో బండిలోంచి ఆమె ఎన్నడూ రెండు మాటలు మాట్లాడింది లేదు. ఆమె కిరాయికి నడిపే పాతికేళ్ళనాటి ఆ పికప్ కదిలితే పక్క సీట్లో ఉన్నవాడితో కూడా అరిచి చెప్పాల్సిందే. ఇన్నాళ్ళూ లేని బాధ ఇప్పుడెందుకొచ్చిందని తనలో తానే ప్రశ్నించుకుని, జవాబు కూడా తనే చెప్పుకున్నాడు. ములుగులో ఓంప్రకాశ్ అని ఒక మిర్చి వ్యాపారి ఉన్నాడు. మూడు నెలలుగా వినోద బండికి కిరాయిలన్నీ అతనివే. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన. “వినోద గారూ” అని ఆ ‘గారు’ మీద నొక్కి మరీ పిలుస్తాడు. తలుచుకుంటేనే భానుచందర్‌కు ఒళ్ళు మండింది.

హన్మకొండలో ఒక దుకాణంవాడు చప్పుడు తగ్గించడానికి అడిగిన ధరకు ఇంకో పాత బండి వచ్చేలా ఉంది. దాంతో ఆ పని భానుచందర్ నెత్తినే పడింది. అతనిది పరుపుల దుకాణం. ఫోమ్ ముక్కలకు కొదవ లేదు.

పైపైన చేసి చెడగొడదామనే మొదలుపెట్టాడు. చెయ్యి ఒప్పుకోలేదు. ఇంటి రేకులు కారితే అంటించే తారు షీట్లు తెచ్చి క్యాబిన్ అడుగంతా పరిచి అంటించాడు. వాటి మీద గోనెసంచులు, సంచుల మీద ఫోమ్. డోర్ల లోపలి అట్టలు విప్పి అక్కడా ఫోమ్ కుక్కాడు. ఇంజిన్ వైపున్న సందులన్నీ సైకిల్ ట్యూబు ముక్కలతో మూశాడు. పాత సామాన్ల వాడి దగ్గర ఫ్రిజ్ డోర్ల రబ్బరు దొరికితే తెచ్చి తలుపుల అంచులకు చుట్టాడు. రెండో రోజు సాయంత్రానికి, వేలితో కొడితే డప్పులా మోగే రేకు నోరు మూసుకుంది.

వినోద ఎక్కి కూర్చుని, అద్దాలు ఎత్తి, బండి స్టార్ట్ చేసింది. ఆమె మొహం వెలిగిపోయింది. లోపలి నుంచే నవ్వుతూ భర్తతో ఏదో అంది. అతనికి పెదవులు కదలడం తప్ప ఏమీ వినిపించలేదు. ఏమన్నావని అడగడానికి బెట్టు అడ్డొచ్చింది. అంతా అర్థమైనట్టు తలూపాడు.

మర్నాడు ఆమె ఎనుమాముల మార్కెట్లో మిర్చి దించిన ఖాళీ సంచులను ఓంప్రకాశ్‌కు చేర్చాలి. తనూ వెళ్ళి ఆ బాగోతమేదో వినాలనుకున్నాడు భానుచందర్. ఓంప్రకాశ్ ఎదుట తక్కువ కాకూడదని కొత్త చొక్కా వేసుకున్నాడు, సెంటు కొట్టుకున్నాడు. దారిలో మోగి గుట్టు బయటపెడుతుందని ఫోను ఇంట్లోనే చార్జింగుకు వదిలేశాడు. దుకాణానికి పోతున్నానని తల్లి భద్రమ్మకు చెప్పి, బయట నిలిపిన బండి వెనక్కి ఎక్కి, సంచుల మీద కప్పిన తాడిపత్రి పట్టా కింద దూరాడు.

హన్మకొండ దాటాక తల బయటపెట్టి క్యాబిన్ వెనకద్దంలోంచి చూశాడు. వినోద చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. మాట్లాడుతోంది. నవ్వుతోంది. ఇంట్లో ఆమె అలా పగలబడి నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. రేకుకు చెవి ఆనించాడు. ఒక్క అక్షరం వినిపిస్తే ఒట్టు. ఒక్క సందయినా వదల్లేదు కదా అని తన పనితనాన్ని తానే తిట్టుకున్నాడు. సంచుల్లోని కారం ముక్కులకెక్కి వరసగా పది తుమ్ములు తుమ్మాడు. వినోద వెనక్కి తిరగనైనా లేదు.

గూడెప్పాడు దాటాక నవ్వు ఆగిపోయింది. ఆమె మొహం చిన్నబోయింది. చున్నీతో కళ్ళు తుడుచుకుంది. అలకలు కూడా మొదలయ్యాయన్నమాట అనుకున్నాడు భానుచందర్. కడుపులో మంట కారం మంటను మించిపోయింది. మల్లంపల్లిలో బండి ఆపి, ఆమె బోరింగు దగ్గర మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. కళ్ళు తెరవలేని స్థితిలో అతను మెల్లగా దిగి వరంగల్ బస్సెక్కాడు. సాయంత్రం ఆమె ఫోను లాక్కుని చూస్తే ఆ నంబరేదో తేలిపోతుంది.

ఇంటికొచ్చేసరికి భద్రమ్మ అతని ఫోను చేతిలో పట్టుకుని గడపలోనే కూర్చుంది.

“ఏడికి పోయినవురా? నీ ఫోన్‌కు వినోద చేసింది. నేనెత్తిన. మా అత్తాకోడండ్లం గంట సేపు ముచ్చట పెట్టుకున్నం. పక్కన కూసోని మాట్లాడినట్టే ఇనపడ్డది బిడ్డా.”

భానుచందర్ ఫోను అందుకుని నంబరు చూశాడు. కొత్త క్యాబిన్లోంచి మొదటి ఫోను మొగుడికే చేస్తానని వినోద నిన్ననే చెప్పిందట. బండిలోంచి చెబితే అతను తల కూడా ఊపాడట. ఇంతకీ అతనేడని చివర్లో వినోద అడిగిందంది భద్రమ్మ. దుకాణం తెరవలేదని పక్క దుకాణపాయన వచ్చి చెప్పిపోయాడు మరి. తను చూసిందంతా ఉన్నదున్నట్టు కోడలికి చెప్పేసింది.

అతనికి సిగ్గేసింది. సిగ్గు కింద ఎక్కడో సంతోషం కూడా వేసింది. ఓంప్రకాశూ లేడు, ఎవరూ లేరు. ఆ అవతలివాడు తనే.

అంతలో ఫోను మోగింది. వినోద. ఇంజిన్ చప్పుడు ఇసుమంత కూడా లేదు. ఆమె ఊపిరి కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

“కొత్త అంగి తొడుక్కున్నవట, సెంటు కొట్టుకున్నవట, ఫోను ఇంట్లనే ఇడిసిపెట్టి పోయినవట. నిజం చెప్పు, ఎవలామె?”