రెండు వేళ్ళ సందు

డెబ్బై ఎనిమిది ఫిబ్రవరి. ప్రార్థన కూటం నుంచి పిస్కాటవేలోని ఇంటికి తిరిగొస్తుంటే కారు మంచులో కూరుకుపోయింది. సాయం తెస్తానని ఆనందబాబు దిగాడు.

"ఇంజన్ ఆపకు, హీటర్ ఉండనీ. నీ పక్క కిటికీ మాత్రం రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచు."

"పాపకి జలుబండీ. ఈ గాలి తగిలితే ఇంకేమన్నా ఉందా?" అంది భార్య ఏస్తేరు.

"అబ్బ, చెప్పింది చెయ్యవే," అంటూ వెళ్ళిపోయాడు.

ఒళ్ళో పాప దగ్గుతూనే ఉంది. ఏస్తేరు కిటికీ కాస్త దించి, పాప మంకీ క్యాప్ చెవుల మీదకి లాగింది. అయినా మనసు ఒప్పక, పిడి తిప్పి కిటికీ పూర్తిగా మూసేసింది. కారు వెచ్చబడింది. కాసేపటికి పాప దగ్గు ఆగింది. హమ్మయ్య అనుకుంది. తనకూ నిద్ర ముంచుకొచ్చింది.

ఆస్పత్రిలో ఆమెకు మెలకువ వచ్చింది. పాపకు రాలేదు.

కారు వెనక పొగగొట్టం మంచుతో పూడిపోయిందనీ, విషపు పొగ లోపలికే వచ్చిందనీ, అందుకే కిటికీ కాస్త తెరిచి ఉంచాలనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. చిన్న చిన్న ఇంగ్లీషు మాటలే. ఏస్తేరుకు అన్నీ అర్థమయ్యాయి.

ఆమె భర్త వైపు తిరిగింది.

"మీకు తెలిసే చెప్పారన్నమాట. ఎందుకో కూడా చెప్పి ఉంటే మూసేదాన్నా అండీ?"