కొళాయి తనిఖీ

కొళాయిలో నీళ్లు రాకపోతే మా ఊరి బడిని పక్కూరి బడిలో కలిపేస్తారని కబురొచ్చింది. సర్కారు బిగించిన కొళాయి తళతళలాడుతోంది. బోరు మాత్రం ఎప్పుడో ఎండిపోయింది.

తనిఖీ రోజు పొద్దున్నే, బడిలో వంట చేసే కదిరమ్మ వీధిలో నిలబడి కేకేసింది.

"అంత దూరం ఆడపిల్లోల్లని ఎవురు పంపిస్తారమ్మా? బడి మూసేస్తే గొర్రెల ఎనకాల పోవాల్సిందే. బిందెలు తీసుకోని రాండి!"

ట్యాంకరు ఆ వారానికి పోసిన నీళ్లన్నీ ఆడవాళ్లు మోసుకెళ్లి బడి మిద్దె మీది తొట్టి నింపారు.

ఆఫీసరు కొళాయి తిప్పాడు. నీళ్లు దూకాయి. చేతులు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, దుమ్ము పట్టిన బూట్లు కూడా కడుక్కున్నాడు. హెడ్మాస్టరు ఎర్రిస్వామి మొహం వెలిగిపోయింది.

"భేష్! ఈ బడికి ఢోకా లేదు" అంటూ ఆఫీసరు ఫోను తీశాడు. "ఏమప్పా, ఈ ఊరికి ట్యాంకరు ఎందుకు పంపిస్తాండారు? ఈడ నీళ్లు పొంగిపొర్లుతాండాయి. రేపట్నుంచి ఆపేయండి."

"సార్, ఆ నీళ్లు..." అంది కదిరమ్మ.

హెడ్మాస్టరు గట్టిగా దగ్గాడు.

కదిరమ్మ వెళ్లి, ఆఫీసరు కట్టేయకుండా వదిలేసిన కొళాయి కింద బిందె పెట్టింది.