అర మార్కు సి

జవాబులు చెవిలో చెప్పే బిళ్లని ఇంటర్‌లో చేరిన రోజే చెవి వెనక కోసి పెట్టేవాళ్లు. పరీక్షలు కాగానే జూనియర్ కాలేజీవాళ్లే దాన్ని తీసేసుకుని కొత్త బ్యాచ్ పిల్లలకి పెట్టేవాళ్లు. అందుకే ఇంజినీరింగ్ మొదటి క్లాసులో హైమావతి మేడమ్ బోర్డు మీద ఓ చిన్న ఇంటిగ్రల్ రాయగానే అందరి చేతులూ చెవి వెనక్కి పోయాయి. అక్కడ మచ్చ తప్ప ఏమీ లేదు.

మేడమ్‌కి ఒళ్లు మండింది.

"అందరికీ లెక్కల్లో నూటికి నూరు! ఇలాంటి ప్రతి లెక్క చివరా ప్లస్ సి అని రాసే ఉంటారు. ఏమిటా సి?"

ముందు బెంచీలోంచి నజ్మా లేచింది. "అర మార్కు మేడమ్. రాయకపోతే కట్ చేస్తారు."

ఎవరూ నవ్వలేదు. అందరికీ తెలిసింది అంతే.

మేడమ్ చేతిలో సుద్దముక్క విరిగింది. "రెండేళ్లు కూర్చోబెట్టి నేర్పింది ఇదా! విను. బస్సు ఏ క్షణాన ఎంత వేగంతో పోయిందో తెలిస్తే, మొత్తం ఎంత దూరం పోయిందో కూడి చెప్పొచ్చు. అదే ఇంటిగ్రల్. మరి బస్సు ఇప్పుడు ఎక్కడుందో చెప్పగలవా?"

నజ్మా చెయ్యి మళ్లీ చెవి వెనక్కి వెళ్లింది. కాసేపు తడుముకుని మెల్లగా కిందికి దిగింది.

"చెప్పలేను మేడమ్. ఎక్కడ బయల్దేరిందో తెలియాలి కదా."

"ఆ బయల్దేరిన చోటే సి."

 నజ్మా కళ్లు ఎర్రబడ్డాయి.

"ఇది నాకే తట్టింది కదా మేడమ్! మరి నా చెవి వెనక ఎందుకు కోశారు?"