తాతకి తాత

గొడుగుల షాపులో గల్లాపెట్టె పైన ఓ పెద్దాయన బొమ్మ వేలాడుతుంటుంది. బుర్ర మీసాలు, టోపీ, మెడదాకా గుండీల కోటు. కింద "1868లో ఈ షాపు పెట్టినవారు" అని రాసి ఉంటుంది. షాపు నడిపే అమ్మాయికి ఆయన తాతకి తాత.

అమ్మాయంటే నలభై దాటిన మనిషే. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ మీసాలకి దణ్ణం పెట్టాకే మొదటి బేరం. వాళ్ల నాన్నయితే తన ముక్కు తడుముకుని, ఇది ఆయన సొత్తే అని మురిసిపోతుంటాడు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నూరేళ్లు దాటిన షాపుల జోలికి రారట. దాటాయని ఆధారం చూపించాలి. లేదంటే సోమవారం కూల్చేస్తారు. మంచం పట్టిన నాన్నకి ఈ సంగతి చెప్పలేదు. షాపు పోతే ఆయనా పోతాడని ఆమె భయం.

ఆధారం ఏదీ? చెప్పులరిగేలా తిరిగింది. పాత రికార్డుల గదుల్లో దుమ్ము మింగీ మింగీ దగ్గు పట్టుకుంది. దూరపు చుట్టాల దగ్గరికి వెళ్తే, వాళ్లు టీ ఇచ్చి తమ మోకాళ్ల నొప్పుల చరిత్ర చెప్పారు. తాతకి తాత ఎక్కడా పుట్టలేదు, ఎక్కడా పోలేదు. బతికిన మనిషి ఇంత శుభ్రంగా ఎలా మాయమవుతాడో ఆమెకి అంతుపట్టలేదు. విసుగొచ్చింది. ఏడుపూ వచ్చింది.

చివరికి బొమ్మనే కిందకి దించింది. మూలన చిన్నగా పెయింటరు సంతకం. వాకబు చేస్తే, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఆయన రెండు వీధుల అవతలే ఉన్నాడు. కాళ్లు పడిపోయి, గడప దాటి ఏళ్లయిందట. బొమ్మని పాత దుప్పట్లో చుట్టుకుని బయల్దేరింది.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు పెయింటరు. ఎనభై దాటిన మనిషి. నున్నటి గుండు, బోసి నోరు. ఎక్కడో చూసినట్టుందే అనుకుంది. ఈమధ్య అలసటకి ఎవర్ని చూసినా అలాగే ఉంటోంది.

ఫలానా షాపు వాళ్లమ్మాయినని చెప్పి, దుప్పటి విప్పి బొమ్మ చూపించింది. ఆయన ముందుకి వంగి, బొమ్మలోని మీసాలని వేలితో తడిమాడు.

"ఇది ఏ ఫొటో చూసి వేశారు తాతగారూ? ఆ ఫొటో వెనక స్టూడియో ముద్ర, ఏడాది ఉంటాయి కదా. అదొక్కటి దొరికితే చాలు, మా షాపు నిలబడుతుంది."

పెయింటరు నవ్వబోయాడు. దగ్గొచ్చింది. మంచినీళ్లు తాగి, కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"మీ తాత చెప్పలేదా అమ్మా?"

"ఏమని?"

"కొత్తగా పెట్టిన షాపంటే ఎవరు నమ్ముతారు, పాతకాలం ముసలాయన్నెవర్నైనా వెయ్యవోయ్ అన్నాడు మీ తాత, నాకప్పుడు ఇరవయ్యేళ్లు, ఎదురుగా కూర్చోడానికి ఎవరూ దొరక్క, అద్దంలో చూసుకుంటూ నా మొహానికే మీసాలూ ముడతలూ తగిలించానమ్మా."